స్కమేనియా కౌంటీ, వాషింగ్టన్: చుట్టూ అడవే, మరి ఖజానాకు ఇంత కటకట ఎందుకు?

కొండవాగు:
అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఉత్తర గట్టున ఉన్న స్కమేనియా కౌంటీ (మన జిల్లా లాంటిది) బడ్జెట్ పత్రాలు తిరగేస్తున్నాను. వైశాల్యం సుమారు 1,680 చదరపు మైళ్ళు, 2020 లెక్కల్లో జనాభా 12,036. భూమిలో ఎనభై శాతం దాకా గిఫర్డ్ పిన్‌షో జాతీయ అడవి. ఇంత కలప ఉన్నచోట రోడ్లకూ బడులకూ ఏటా కోతలెందుకు పడుతున్నాయో అంతుబట్టడం లేదు. పిల్ట్ (PILT, పన్నుకు బదులుగా ఇచ్చే చెల్లింపు) అని ఒక పద్దు ఉంది. అది ఒక ఏడాది ఎగబాకుతుంది, ఒక ఏడాది కూలబడుతుంది. ప్రైవేటు కలప మీద పన్ను ఎలా వస్తుంది? ఖర్చు ఎవరి చేతిలో ఉంటుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

దస్త్రాలపెట్టె:
కౌంటీ 1854లో, వాషింగ్టన్ ఇంకా రాష్ట్రం కాక టెరిటరీగా ఉన్నప్పుడే ఏర్పడింది. అడవిని 1908లో కొలంబియా జాతీయ అడవిగా విడదీశారు, 1949లో ఇప్పటి పేరు పెట్టారు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమి మీద కౌంటీ ఆస్తిపన్ను వేయడానికి వీల్లేదు. అందుకు బదులుగా 1908 చట్టం జాతీయ అడవి రాబడిలో 25 శాతం రాష్ట్రం ద్వారా కౌంటీలకు ఇప్పించింది, అదీ రోడ్లకూ బడులకూ మాత్రమే. వాషింగ్టన్‌లో దాన్ని చెరి సగం పంచుతారు. చెట్లు జోరుగా పడినన్నాళ్ళూ ఈ ఏర్పాటు బాగానే నడిచింది.

1990లో ఈ పాత అడవుల్లో బతికే మచ్చల గుడ్లగూబను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. 1991లో ఫెడరల్ కోర్టు దాని రక్షణ కోసం కలప అమ్మకాలను ఆపింది. 1994లో వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చి మూడు రాష్ట్రాల్లో దాదాపు 2.45 కోట్ల ఎకరాల ఫెడరల్ భూమిని కొత్త నిబంధనల కిందికి తెచ్చింది. ఆ దశాబ్దం చివరికి గిఫర్డ్ పిన్‌షోలో నరికే కలప 1980ల నాటి దాంట్లో పదో వంతు కూడా లేదు. అందులో పాతిక శాతమంటే ఎంతొస్తుందో ఊహించుకోవచ్చు.

అందుకే 2000లో సెక్యూర్ రూరల్ స్కూల్స్ చట్టం తెచ్చారు. ఇది ఇప్పటి నరుకుడుతో సంబంధం లేకుండా, 1986–1999 మధ్య ఎక్కువ రాబడి వచ్చిన మూడేళ్ళ సగటును ఆధారం చేసుకుంది. 2008లో సూత్రం మార్చారు, మొత్తాలు ఏటా తగ్గేలా పెట్టారు. అసలు చిక్కు ఏమిటంటే ఇది శాశ్వతం కాదు, గడువు తీరిన ప్రతిసారీ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పొడిగించాలి. 2016 ఆర్థిక సంవత్సరానికి పొడిగించలేదు. 2017 మొదట్లో కౌంటీలకు పాత 25 శాతం లెక్కే చేతికొచ్చింది, అదీ ఏడేళ్ళ సగటు మీద. 2018 మార్చిలో మళ్ళీ పునరుద్ధరించారు. బడి జిల్లాలు (బడులను నడిపే స్థానిక సంస్థలు) టీచర్ల నియామకాలు వసంతంలోనే తేల్చుకోవాలి. అప్పటికి వాషింగ్టన్ డీసీ నుంచి కబురు లేకపోతే కోత పెట్టుకోవడం తప్ప దారి లేదు.

సెక్యూర్ రూరల్ స్కూల్స్ చట్టం కింద వచ్చే ఈ డబ్బు మూడు భాగాలు (టైటిళ్ళు). టైటిల్ 1 రోడ్లకు, బడులకు. టైటిల్ 2 ఫెడరల్ భూమి మీద చేసే పనులకు, వాటిని 15 మంది సభ్యుల సలహా సంఘం సిఫారసు చేయాలి. టైటిల్ 3 కౌంటీ చేతిలోదే గానీ ఇరుకైనది: కార్చిచ్చు జాగ్రత్తలు, ఫెడరల్ భూమి మీద గాలింపు, రక్షణ ఖర్చులు, అలాంటివే. పెద్ద మొత్తం అందుకునే కౌంటీలు 80 నుంచి 85 శాతం దాకా టైటిల్ 1లోనే ఉంచాలి.

ఇక మీ పిల్ట్. అది 1976 చట్టం. ఫెడరల్ భూమి మీద పన్ను రాదు కాబట్టి ఇచ్చే పరిహారం. రెండు లెక్కలు వేసి ఏది ఎక్కువైతే అది ఇస్తారు. మొదటిది: ఎకరానికి ఎక్కువ రేటు (ఈమధ్య మూడు డాలర్ల పైచిలుకు), అందులోంచి కౌంటీ ప్రభుత్వానికి ముందు ఏడాది ముట్టిన అటవీ సొమ్ము తీసివేత. రెండోది: తక్కువ రేటు (యాభై సెంట్ల లోపు), తీసివేత లేదు. రెండింటికీ జనాభాను బట్టి ఒక పరిమితి ఉంటుంది. నమూనాకు లక్ష ఎకరాలు తీసుకోండి. 3 డాలర్ల చొప్పున 3,00,000. ముందు ఏడాది 2,60,000 వచ్చి ఉంటే మిగిలేది 40,000. రెండో లెక్కలో 45 సెంట్ల చొప్పున 45,000. కాబట్టి 45,000 ఇస్తారు. అదే ముందు ఏడాది అటవీ సొమ్ము 20,000కు పడిపోయి ఉంటే, జనాభా పరిమితి అడ్డు రానంతవరకు పిల్ట్ 2,80,000కు ఎగురుతుంది. మీరు చూసిన ఎత్తుపల్లాలు ఇవే, ఒక ఏడాది ఆలస్యంగా.

దీన్ని చూసి "ఒకటి తగ్గితే ఇంకొకటి పూడుస్తుంది" అనుకోవద్దు. పిల్ట్ చేరేది కౌంటీ సాధారణ నిధికి, ఇక్కడి దస్తావేజుల్లో దాన్ని కరెంట్ ఎక్స్‌పెన్స్ ఫండ్ అంటారు. అంటే షెరీఫుకు (కౌంటీ పోలీసు అధిపతికి), కోర్టుకు పనికొస్తుంది. నష్టపోయేది బడి. దానికి పిల్ట్‌లో పైసా రాదు.

ఎకరాలెక్క:
ఫెడరల్ సంగతి పై జవాబులో వచ్చింది కాబట్టి మిగతా కలప గురించి చెబుతాను.

ప్రైవేటు అడవిని డెసిగ్నేటెడ్ ఫారెస్ట్ ల్యాండ్‌గా నమోదు చేస్తే, భూమికి మార్కెట్ ధర కాకుండా రాష్ట్రం నిర్ణయించే అటవీ విలువ మీద పన్ను పడుతుంది. మంచి శ్రేణి నేలకు కూడా అది ఎకరానికి కొద్ది వందల డాలర్లే. కనీసం 5 ఎకరాలు ఒకే చెక్కగా ఉండాలి. నిలబడి ఉన్న చెట్ల మీద ఏటేటా పన్ను లేదు. నరికినప్పుడు స్టంపేజ్ విలువ మీద, అంటే మొదలు మీద ఉన్న చెట్టు ధర మీద, 5 శాతం ఎక్సైజ్. అందులో 4 శాతం కౌంటీకి, 1 శాతం రాష్ట్రానికి. స్టంపేజ్ పట్టికలను రెవెన్యూ శాఖ ఏడాదికి రెండుసార్లు ప్రకటిస్తుంది. అవి చెట్టు జాతినీ, మిల్లుకు లాగే దూరాన్నీ బట్టి మారతాయి. ప్రభుత్వ భూమి మీద నరికినా ఈ పన్ను ఉంటుంది, గుత్తేదారు కడతాడు.

భూమి కొనేవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. దస్తావేజు రాసుకునేటప్పుడు కొన్నవారు కొనసాగింపు నోటీసు మీద సంతకం పెట్టకపోతే భూమి ఆ జాబితాలోంచి పోతుంది. అప్పుడు పరిహార పన్ను పడుతుంది: మార్కెట్ విలువకూ అటవీ విలువకూ తేడా, దాని మీద చివరి పన్ను రేటు, దాన్ని నమోదులో ఉన్న ఏళ్ళతో, గరిష్ఠంగా 9తో, గుణించడం. అమ్మేవారి నెత్తిన పడుతుంది కాబట్టి ధర మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి.

మూడో రకం రాష్ట్ర ట్రస్టు అడవులు. 1920, 30ల్లో కంపెనీలు నరికేసి పన్ను కట్టకుండా వదిలేసిన భూములు కౌంటీల చేతికొచ్చాయి. కౌంటీలు వాటిని ధర్మకర్తగా చూసుకోమని రాష్ట్రానికి అప్పగించాయి. రాష్ట్ర సహజ వనరుల శాఖ నిర్వహణ కింద 25 శాతం దాకా ఉంచుకుని, మిగతాది కౌంటీకీ, ఆ భూమి ఉన్నచోట పన్ను వేసే బడి, అగ్నిమాపక జిల్లాలకూ పంచుతుంది. బడ్జెట్ వేసేవాళ్ళు జాగ్రత్తపడాల్సిన చోటు: వేలం పాట అయిన రోజున మొత్తం డబ్బు రాదు. గుత్తేదారుకు నరకడానికి గడువు ఉంటుంది, దుంగలు కదిలినకొద్దీ సొమ్ము వస్తుంది. ధర పడిపోతే అతను గడువు చివరిదాకా ఆగుతాడు. అందుకే వేలం తేదీ చూసి రాబడి రాసుకుంటే ఆ ఏడాది పద్దు తలకిందులవుతుంది.

ఈ విషయంలో స్కమేనియా పేరు న్యాయచరిత్రలోనే ఉంది. 1970ల చివర గుత్తేదారులు ఎక్కువ ధరకు పాడుకున్నారు, తర్వాత కలప ధర కుప్పకూలింది. 1982లో శాసనసభ ఆ ఒప్పందాల నుంచి వాళ్ళను బయటపడేసే చట్టం చేసింది. కౌంటీ కోర్టుకెక్కింది. 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసి, ట్రస్టు భూముల విషయంలో రాష్ట్రం ధర్మకర్తేనని, లబ్ధిదారుల సొమ్మును ఇతరులకు వదిలిపెట్టే హక్కు దానికి లేదని చెప్పింది. అటవీ కౌంటీలు ఇప్పటికీ ఎత్తిచూపే తీర్పు ఇది.

కొండవాగు:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలండి. ఇంతకీ ఇదంతా నడిపేది ఎవరు? ఆస్తిపన్ను పెంచుకుని లోటు పూడ్చుకోకూడదా? టూరిజం నుంచి ఏమీ రాదా?

నదివాలు:
పైనుంచి నియమించిన జిల్లా అధికారి అంటూ ఎవరూ ఉండరు. ముగ్గురు కమిషనర్లు, నాలుగేళ్ళ పదవి. ప్రైమరీలో (తొలి వడపోత ఎన్నికలో) వాళ్ళ వాళ్ళ డిస్ట్రిక్ట్ ఓటర్లు, తుది ఎన్నికలో కౌంటీ అంతా ఓటేస్తారు. శాసనమూ పాలనా రెండూ వాళ్ళవే. కానీ అసెసర్ (ఆస్తుల విలువ కట్టే అధికారి), ఆడిటర్, ట్రెజరర్, క్లర్క్, షెరీఫ్, ప్రాసిక్యూటర్ విడివిడిగా ఎన్నికైనవాళ్ళు. కమిషనర్లు షెరీఫు బడ్జెట్ కోయగలరు గానీ అతని పని ఎలా చేయాలో ఆదేశించలేరు. 40,000 లోపు జనాభా ఉన్న కౌంటీల్లో ప్రాసిక్యూటరే కరోనర్‌గా (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారిగా) కూడా ఉండేవారు. 2021 చట్టం ఆ పద్ధతిని 2025 జనవరి నుంచి తీసేసింది, చిన్న కౌంటీలకు అదొక కొత్త ఖర్చు.

ఆస్తిపన్ను మొత్తాన్ని ఏడాదికి 1 శాతం మించి పెంచకూడదు, కొత్త కట్టడాల మీద వచ్చేది మాత్రం అదనం. 30 లక్షల డాలర్ల పన్నుకు పెంపు 30,000, అంటే షెరీఫు కింద పనిచేసే ఒక్క డిప్యూటీ జీతానికీ చాలదు. అంతకు మించి కావాలంటే ఓటర్లను అడగాలి. కొత్త కట్టడాలకేమో చోటు తక్కువ. నది పొడవునా 1986 నాటి కొలంబియా లోయ సీనిక్ ఏరియా చట్టం (అక్కడి ప్రకృతి దృశ్యాలను కాపాడేది) ఉంది. కార్సన్, స్టీవెన్సన్, నార్త్ బానవిల్, హోమ్ వ్యాలీ పట్టణ ప్రాంతాలకు మినహాయింపు. వాటి గీత దాటితే ఇంటి రంగు దగ్గర్నుంచి పరిశీలిస్తారు. స్కమేనియా తన సొంత ఆర్డినెన్స్ (స్థానిక నిబంధనలు) చేసుకుని ఆ అనుమతులు తానే ఇస్తోంది.

టూరిజం ఉంది. ఆ సీనిక్ ఏరియా చట్టం కిందే కేటాయించిన నిధుల సాయంతో స్కమేనియా లాడ్జ్ అనే హోటల్‌ను 1993లో తెరిచారు. అయితే వసతి పన్ను టూరిజం పనులకే వాడాలి, దాంతో రోడ్డు గుంత పూడ్చలేరు. సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఈ కౌంటీలోనే ఉన్నా, జనం ఎక్కువగా వెళ్ళే 504 నంబరు రహదారి పక్కనున్న కౌలిట్జ్ కౌంటీ గుండా పోతుంది, హోటళ్ళూ పెట్రోలు బంకులూ అక్కడే. శిఖరం ఎక్కుతూ ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటే మాత్రం రాష్ట్ర చట్టం ప్రకారం గాలింపు బాధ్యత స్కమేనియా షెరీఫుది. టైటిల్ 3 తోడ్పడేది అక్కడే. అందుకని మీరు బడ్జెట్ చదివేటప్పుడు మొత్తం అంకె పక్కన పెట్టి, ముందు ఏ నిధి పేరు కింద రాసి ఉందో చూడండి. రోడ్డు నిధిలో మిగులు కనిపించినా షెరీఫు ఆఫీసులో ఖాళీలు అలాగే ఉండొచ్చు.