గుర్రం నెమరు వేస్తుందా?

హనుమకొండ నుంచి ప్రశ్న:
మా వీధి కుర్రవాడు ఓరుగల్లు కోట మీద కథ రాసి దిద్దమన్నాడు. "యుద్ధం ముగిసింది. గుమ్మం ముందు గుర్రం ఒక్కటే నెమరు వేస్తూ నిలబడింది" అని ముగించాడు. వాక్యం బాగానే ఉంది, కానీ ఎక్కడో ముల్లులా గుచ్చుతోంది. గుర్రం నెమరు వేస్తుందా?

పరకాల నుంచి:
వేయదండీ. గుర్రానిది ఒకే గది పొట్ట. దానికి గడ్డి పులిసేది పెద్దపేగులో. అక్కడికి చేరింది మళ్లీ నోటికి రాదు. ఏనుగు, గాడిద కూడా ఆ జట్టే. ఆవు, బర్రె, మేక, గొర్రెలకైతే నాలుగు గదులు. పెద్ద ఆవుకు మొదటి గదిలోనే 100 లీటర్లకు పైగా పడుతుంది. గబగబా మింగిన గడ్డి అక్కడ సూక్ష్మజీవుల వల్ల నాని పులుస్తుంది. తరువాత నీడన పడుకుని ముద్ద ముద్దగా నోటికి తెచ్చుకుని నములుతాయి. బోటి కడిగినవారికి ఇదంతా కొత్త కాదు: తువ్వాలులా నూగున్నది మొదటి గది, తేనెపట్టులా గళ్లున్నది రెండోది, పుస్తకం పుటల్లా మడతలున్నది మూడోది.

కరీంనగర్ నుంచి:
మరి ఒంటె, కుందేలు?

పరకాల నుంచి:
ఒంటెకు మూడు గదులే అయినా నెమరు వేస్తుంది. కుందేలు వేయదు. తన మెత్తటి పెంటికలనే తిని రెండోసారి అరిగించుకుంటుంది. దానికి మాట పుట్టించే సాహసం నేను చేయను.

నర్సంపేట నుంచి:
సంస్కృతంలో దీన్ని రోమంథం అంటారు గానీ, నెమరుకున్న రుచి దానికి లేదు. నా ఫిర్యాదు వేరు. "పరీక్ష ముందు పాఠాలు నెమరు వేసుకున్నాను" అంటారు. అది వల్లె వేయడం. నెమరుకు ముందు నానడం ఉండాలి, తీరిక ఉండాలి. ఒకసారి మా బర్రె పెళ్లి విందులో మిగిలిన అన్నం కడుపునిండా తినేసింది. అన్నం పొట్టలో వేగంగా పులిసి ఆమ్లం పెరిగింది. పశువుల డాక్టరు వస్తూనే అమ్మను అడిగిన మొదటి మాట, "నెమరు వేస్తున్నదా అమ్మా?"

హనుమకొండ నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. "దవడలు ఆడిస్తూ" అని దిద్దితే కుర్రవాడు ఒప్పుకోలేదు. నెమరును ఉంచి, గుర్రాన్ని తీసేసి ఎద్దును కట్టేశాడు. యుద్ధంలో ఎద్దుకేం పని అంటే, తిండిగింజల బండి లాగిందట.