తండ్రి బుద్ధే కొడుక్కి వస్తుందా?

పటమట అత్త: మా తమ్ముడి కొడుకుని మూడేళ్లుగా నేనే పెంచుతున్నాను. వాడికి 14. తమ్ముడు కొట్లాట కేసుల్లో జైలుకెళ్లొచ్చాడు. పోయిన నెల వీడు తోటి పిల్లాడి చెయ్యి విరగ్గొట్టాడు. పాపం అనిపించలేదా అంటే "ఎందుకు?" అన్నాడు. బంధువులంతా "రక్తం ఎక్కడికి పోతుంది" అంటున్నారు. నిజంగా జీన్స్ (జన్యువుల) వల్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తపేట వాసి: విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదు అమ్మా. కవలలు, దత్తత పిల్లల మీద జరిగిన 51 అధ్యయనాలు కలిపి చూసి, ఇలాంటి ప్రవర్తనలో 41 శాతం వంశపారంపర్యమని 2002లో తేల్చారు.

బ్రాడీపేట మాస్టారు: అది ఒక్క పిల్లాడి లెక్క కాదండీ. వేలమంది పిల్లల మధ్య ఉన్న తేడాల్లో జన్యువుల వాటా అది. మిగతా 59 శాతం పెంపకం, పరిసరాలదని కూడా అక్కడే ఉంది.

కొత్తపేట వాసి: 41 తక్కువా? ఇంగ్లండ్‌లో ఏడేళ్ల కవలల్ని చూసి 2005లో రాశారు. జాలి, పశ్చాత్తాపం లేకపోవడంలో 67 శాతం జన్యువులదే. ఈ అమ్మగారు చెప్పేది సరిగ్గా అదే లక్షణం.

సత్తెనపల్లి కుర్రాడు: 41ఆ, 67ఆ? ముందు అది తేల్చండి.

బ్రాడీపేట మాస్టారు: రెండూ వేర్వేరు విషయాలు బాబూ. 41 ఇలాంటి ప్రవర్తన మొత్తానిది, 67 జాలి లేకపోవడం ఒక్కదానిది. జన్యువు ఒక్కటే చాలదని ఇంకోచోట చూశారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. ఎంఏఓఏ అనే జన్యువు మందకొడిగా పనిచేసే మగపిల్లల్లో, చిన్నప్పుడు దెబ్బలు, హింస అనుభవించినవాళ్లే ఎక్కువగా దారి తప్పారు. అదే జన్యువున్నా, హింస లేకుండా పెరిగినవాళ్లలో అది కనపడలేదు. "రక్తంలోనే ఉంది" అన్న మాట మనకి కొత్త కాదు. 1871 నేరస్థ తెగల చట్టం కులాలకి కులాలనే పుట్టు నేరస్థులంది. ఆ ముద్రతోనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాల్ని పెట్టి కాపలా కాశారు. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 అయింది.

కొత్తపేట వాసి: కులం మాట నేనెత్తలేదు, నాకు అంటగట్టకండి! అలాంటి పిల్లాడితో ఒక్కరోజు ఒకే ఇంట్లో ఉన్నారా మీరు? మా అన్నయ్య కొడుకు మా పాపని మేడమెట్ల మీంచి తోశాడు. తలకి ఎనిమిది కుట్లు.

లబ్బీపేట లక్ష్మి: అయ్యో. తర్వాత ఏం చేశారండీ?

కొత్తపేట వాసి: హాస్టల్లో వేశాం. సెలవలకి కూడా తీసుకురాలేదు. ఎలాగూ మారడు కదా అనుకున్నాం. మారేవాడే అయితే మేం చేసిందేమిటి మాస్టారూ?

లబ్బీపేట లక్ష్మి: అప్పుడు బాబుకి ఎన్నేళ్లు?

కొత్తపేట వాసి: తొమ్మిది.

బ్రాడీపేట మాస్టారు: మీ పాపని కాపాడుకున్నారు, దానికి నేను తప్పు పట్టను. గొంతు పెంచినందుకు ఏమీ అనుకోకండి. కానీ ఈ అమ్మగారికి మాత్రం మారడని చెప్పకండి. 18 నిండకుండా డాక్టర్లే యాంటీసోషల్ పర్సనాలిటీ (ఇతరుల హక్కుల్ని లెక్కచేయని మనస్తత్వం) అని పేరు పెట్టరు. చిన్నప్పుడు ఇలా ఉన్నవాళ్లలో చాలామంది పెద్దయ్యాక అలా ఉండరు. అమ్మా, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. వాడితో పాటు మీరూ కూర్చోండి. పెంచేవాళ్లకి నేర్పడం కూడా ఇందులో ముఖ్యమైన వైద్యమే.

పటమట అత్త: వాణ్ణి ఎక్కడికీ పంపను. కానీ రాత్రుళ్లు గదికి గడియ పెట్టుకుని పడుకుంటున్నాను, అదీ నిజమే. సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నాను. వాళ్ల నాన్న సంగతి డాక్టరుకి చెప్పాలా, వద్దా?

కొత్తపేట వాసి: చెప్పండమ్మా. మేం దాచాం.