ఆగస్టా గోల్ఫ్ కోర్సులో అసలు కష్టం 11–13 హోల్స్‌లోనా, 10–12లోనా?

పెన్నాగట్టు (నెల్లూరు):
ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ మొదలైతే చాలు, మనవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: గోల్ఫ్‌లో ఆమెన్ కార్నర్‌ని మించిన కష్టమైన వరుస లేదని. అమెరికాలో ఆ టోర్నీ జరిగే ఆగస్టా నేషనల్ కోర్సులో 11, 12, 13 హోల్స్ అవి. నేను దీనికి ఒప్పుకోను.

వరుస మొత్తం కష్టం అనాలంటే మధ్యలో తేరుకునే చోటు ఉండకూడదు. 13వది పార్ 5, అంటే ఐదు షాట్లలో ముగించాల్సిన హోల్. స్కోరు బాగు చేసుకోవడానికి ఆటగాళ్లు ఎదురుచూసే హోల్ అది. దాన్ని కష్టమైన మూడింట్లో ఎట్టా కలుపుతారు? నా లెక్కలో అసలు వరుస 10, 11, 12.

2016 మాస్టర్స్ ఆఖరి ఆదివారం గుర్తుంది కదా. తొమ్మిది హోల్స్ అయ్యేసరికి జోర్డాన్ స్పీత్ ఐదు షాట్లు ముందున్నాడు. 10లో బోగీ (పార్ కన్నా ఒక షాట్ ఎక్కువ), 11లో బోగీ. 12లో రెండు బంతులు నీళ్లలో పడి, పార్ 3 హోల్‌కి 7 కొట్టాడు. మూడు హోల్స్‌లో ఆరు షాట్లు పోయాయి. ఆ వెంటనే 13లో బర్డీ, అంటే పార్ కన్నా ఒక షాట్ తక్కువ! టైటిల్ డానీ విలెట్‌కి పోయింది. స్పీత్‌ని ముంచింది 10 నుంచి 12 దాకా, 13 కాదు.

దర్గామిట్ట (నెల్లూరు):
అన్నా, ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా చూడాలి. 1958లో ఆర్నాల్డ్ పామర్ మొదటిసారి మాస్టర్స్ గెలిచినప్పుడు హెర్బర్ట్ వారెన్ విండ్ అనే విలేఖరి స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్‌లో రాసిన పేరు అది. ఆయన మూడు హోల్స్‌నీ పూర్తిగా కలపలేదు. 11లో గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) మీదకి కొట్టే రెండో షాట్, 12 మొత్తం, 13లో టీ షాట్ (మొదటి దెబ్బ). ఆ ముక్కలు మాత్రమే తీసుకుంటే సులువైన షాట్ ఒక్కటీ లేదు. 11లో గ్రీన్‌కి ఎడమ పక్కన చెరువు. 12లో ముందు వాగు. 13లో టీ షాట్‌ని ఎడమకి తిప్పాలి, ఆ ఎడమ పక్కనే వాగు. నువ్వు సులువు అంటున్నది 13 రెండో సగం.

ఇంకోటి. 2023లో 13వ హోల్ టీని (మొదటి దెబ్బ కొట్టే చోటుని) వెనక్కి జరిపారు, 510 గజాలది 545 అయింది. 2022లో 11ని కూడా 505 నుంచి 520కి పెంచారు. ఇప్పుడు 13ని మునుపటంత తేలిక అనలేం.

పెన్నాగట్టు:
పేరు ఎక్కడి నుంచి వచ్చిందనేది వేరు, కష్టం వేరు తమ్ముడూ. కార్డు మీద రాసేది మొత్తం హోల్ స్కోరు, సగం హోల్‌ది కాదు. టీ వెనక్కి జరిపినా 13 పార్ 5గానే ఉంది. బంతిని నీళ్లలో వేసినా తేరుకుని పార్ చేయొచ్చు. 12లో ఆ అవకాశం లేదు. 155 గజాలు, ఒక్క దెబ్బలో గ్రీన్ మీద పడాలి. నీళ్లలో పడితే పార్ పోయినట్టే.

కొత్తపట్నం గాలి (ఒంగోలు):
12 మీద పెన్నాగట్టుతో పూర్తిగా ఏకీభవిస్తా. ఆ గ్రీన్ అడ్డంగా పొడవు, ముందు నుంచి వెనక్కి ఇరుకు. ముందు ఒక బంకర్ (ఇసుక గుంట), వెనక రెండు. దూరం తక్కువ కాబట్టి తేలిక అనుకుంటాం. కానీ అక్కడ గాలి చెట్ల మధ్య సుడి తిరుగుతుంది. జెండా ఒక దిక్కుకి ఎగురుతుంటే చెట్ల కొసలు ఇంకో దిక్కుకి ఊగుతాయి. ఏ క్లబ్ తీయాలో తేల్చుకునేలోపు గాలి మారిపోతుంది.

2020లో టైగర్ వుడ్స్ మూడు బంతులు వాగులో వేసి అక్కడ 10 కొట్టాడు. ఆ తర్వాత మిగిలిన ఆరు హోల్స్‌లో ఐదు బర్డీలు. అంత ఫామ్‌లో ఉన్న మనిషిని ఆ ఒక్క హోల్ ఏం చేసిందో చూడండి!

పొగాకు తీసేశాక ఖాళీ అయిన చేలో నేను ఐరన్ క్లబ్‌తో ప్రాక్టీస్ చేస్తుంటా. నల్లరేగడి నెర్రెలిచ్చి, నేల గట్టిపడి ఉంటుంది. పొద్దున పడమటి గాలి బంతిని సముద్రం వైపు నెడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎక్కాక అదే క్లబ్, అదే ఊపు, బంతి మాత్రం పదిహేను ఇరవై అడుగులు ముందే పడిపోతుంది. ఏ వైపు నుంచి వస్తుందో తెలిసిన గాలికే ఇట్టా ఉంటే, నిలకడ లేని గాలిలో 155 గజాలు కొట్టడం ఎంత టెన్షనో ఆలోచించండి.

కావలి అక్క:
మీరంతా ఆగస్టా దగ్గరే ఆగిపోయారు. నా ఓటు అమెరికాలోనే ఉన్న క్వెయిల్ హాలో కోర్సులోని గ్రీన్ మైల్‌కి, అంటే 16, 17, 18కి. తేరుకునే చోటు ఉండకూడదనే కదా పెన్నాగట్టు చెప్పేది? అక్కడ పార్ 5 అసలు లేదు. పొడవాటి పార్ 4, రెండు వందల గజాలు దాటిన పార్ 3, మళ్లీ వాగు పక్కన పార్ 4. ఆ తర్వాత ఇంకో హోల్ లేదు. 2025 పీజీఏ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజు జాన్ రామ్ వెనకనుంచి వచ్చి స్కాటీ షెఫ్లర్‌తో సమమయ్యాడు. చివరి మూడు హోల్స్‌లో బోగీ, డబుల్ బోగీ, డబుల్ బోగీ. ఐదు షాట్లు పోయాయి. స్పీత్‌కి ముందు ఇంకా ఆరు హోల్స్ ఉన్నాయి. రామ్‌కి ఏం మిగిలింది?

పెన్నాగట్టు:
అక్కా, నీ మాటలో బలం ఉంది. ఆఖరి మూడు హోల్స్ అంటే ఆ ఒత్తిడే వేరు. ఫ్లోరిడాలో బేర్ ట్రాప్ అనే మూడు హోల్స్ వరుస కూడా అట్టాంటిదే. 15, 17 రెండూ నీళ్ల పక్కన పార్ 3లు, మధ్యలో 16 పార్ 4. దాన్ని ఆ రూపానికి తెచ్చింది జాక్ నిక్లాస్. కానీ ఆఖర్లో ఉండటం వల్ల వచ్చే ఒత్తిడి హోల్‌ది కాదు, దాని స్థానానిది. అవే హోల్స్‌ని 4, 5, 6గా పెడితే అంత భయం ఉంటుందా? ఆగస్టా 12ని ఏ నంబర్ దగ్గర పెట్టినా అట్టాగే ఉంటుంది.

కావలి అక్క:
స్థానం కూడా కోర్సులో భాగమే. 2022 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో మన అనిర్బన్ లాహిరి 17వ హోల్‌లో, నీళ్ల మధ్య గ్రీన్ మీద, బర్డీ కొట్టాడు. 18లో ఇంకో బర్డీ పడితే స్కోరు సమమై ప్లేఆఫ్ వచ్చేది. పార్‌తో ముగించాడు, కామెరాన్ స్మిత్‌కి ఒక్క షాట్ వెనక ఆగాడు. ఆ 18ని మూడో హోల్‌గా ఆడి ఉంటే ఎవరికైనా గుర్తుండేదా? మన భారతీయుడు ఒక్క షాట్ దూరంలో ఆగిన చోటు అది, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దర్గామిట్ట:
మనలాంటివాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. నేను చెన్నై పోయి ఆడే కోర్సు కార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్‌కి 1 నుంచి 18 దాకా ఇచ్చే నంబర్లు) చూస్తే పార్ 3లకి 15, 16, 17 లాంటి నంబర్లు ఉంటాయి. అంటే తేలిక అని కాదు. హ్యాండీక్యాప్ ఎక్కువ ఉన్నవాడికి, అంటే ఆట తక్కువ వచ్చినవాడికి, ముందు ఏ హోల్‌లో అదనపు షాట్ ఇవ్వాలో చెప్పే నంబర్ అది. పొడవాటి పార్ 4లో వాడికీ మంచి ఆటగాడికీ తేడా పెరుగుతుంది కాబట్టి అక్కడ ఇస్తారు. పార్ 3లో ఇద్దరూ ఒకేలా నీళ్లలో వేయగలరు. కాబట్టి కార్డు చూసి కష్టమైన వరుసని తేల్చొద్దు.

కొత్తపట్నం గాలి:
ఇది అసలు మాట. పొద్దున ఆరుకి ఆడినవాడి కష్టమైన వరుస, పదకొండుకి ఆడినవాడి వరుస ఒకటి కావు. ఎండాకాలంలో మన తీరం వెంబడి గాలి దిక్కే మారిపోతుంది కదా.

పెన్నాగట్టు:
ఎన్ని చెప్పినా 13ని నేను లోపలికి రానివ్వను. కావాలంటే కొత్తపట్నం మాట పట్టుకుని పరీక్ష పెడదాం. వచ్చే ఆదివారం చెన్నై పోయేవాళ్లు తమ కోర్సులో ఎక్కువ షాట్లు పోయే మూడు వరుస హోల్స్ స్కోర్లు రాయండి. టీ టైమ్ (ఆట మొదలుపెట్టిన వేళ), గాలి దిక్కు కూడా రాయండి. మధ్యలో పార్ 5 ఉంటే అక్కడ ఎంత తేరుకున్నారో వేరే చెప్పండి. ఆ లెక్క మీద వాదిద్దాం.