బ్లూమింగ్టన్ నుంచి పియోరియాకు రోజూ రాకపోకలు సాధ్యమేనా?

ప్రశ్న
నమస్కారం. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఒక బీమా సంస్థలో నాకు, పియోరియాలోని ఒక ఆసుపత్రిలో నా భార్యకు ఉద్యోగాలు ఖాయమయ్యాయి. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతో, ఇల్లు ఎక్కడ తీసుకుంటే మేలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. ఆ ఊళ్ల పూర్వాపరాలు కూడా తెలుసుకోవాలని ఉంది.

మొదటి సమాధానం
దూరం సుమారు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు. ఇంటర్‌స్టేట్ 74 మీద ముప్పావు గంట ప్రయాణం. చికాగో, సెయింట్ లూయిస్ నగరాల మధ్య నడిచే ఆమ్‌ట్రాక్ రైలు బ్లూమింగ్టన్‌ను ఆనుకుని ఉన్న నార్మల్‌లో ఆగుతుంది కానీ పియోరియాకు రైలు లేదు కనుక, మీకు రెండు కార్లు తప్పవు. దారికి ఇరువైపులా మొక్కజొన్న, సోయా చేలే తప్ప గాలికి అడ్డు లేదు. అందువల్ల చలికాలంలో మంచు కురవడం ఆగిన తరువాత కూడా, నేల మీది మంచు గాలికి లేచి రోడ్డును కప్పేస్తుంది.

రెండవ సమాధానం
నార్మల్ అన్న పేరు విని నవ్వుకోనివారు ఉండరు. 1857లో అక్కడ స్థాపించిన ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయాన్ని ఆ రోజుల్లో నార్మల్ స్కూల్ అనేవారు, ఆ పేరే ఊరికి నిలిచింది. మీరు బీమా రంగంలోకి వస్తున్నారు కనుక చెబుతున్నాను, స్టేట్ ఫార్మ్ 1922లో రైతుల కార్లకు బీమా చేయడానికి బ్లూమింగ్టన్‌లోనే పుట్టింది.

పియోరియా కథ వేరు. అది ఇల్లినాయ్ నది ఒడ్డున ఫ్రెంచివారి కోటలతో మొదలై, సారాయి బట్టీలతో పెరిగి, క్యాటర్‌పిల్లర్ యంత్రాలతో పేరు పొందిన ఊరు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పుడు అక్కడ లేదు. మీ భార్యగారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది: పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతులు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పియోరియాలోని ప్రభుత్వ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నాయి, అందుకు ఎంతో పనికివచ్చిన బూజు 1943లో ఆ ఊరి బజారులోని ఒక కర్బూజా పండు మీద దొరికింది.

బానిసత్వ విస్తరణను ఖండిస్తూ లింకన్ 1854లో పియోరియాలో చేసిన ప్రసంగం పూర్తిగా అచ్చయింది. 1856లో బ్లూమింగ్టన్‌లో చేసినదానికి మాత్రం పాఠం మిగలలేదు.

మూడవ సమాధానం
నడుమ మోర్టన్‌లో ఇల్లు తీసుకోమని చాలామంది చెబుతారు. గుమ్మడికాయల డబ్బాలకు పేరుపొందిన చక్కని ఊరే, కానీ అది నడుమ లేదు, పియోరియా పక్కనే ఉంది. అక్కడి నుంచి బ్లూమింగ్టన్‌కు ఆగ్నేయంగా వెళ్లాలి కనుక, ఉదయం వెళ్లేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ ఎండ మీ కళ్లలోనే పడుతుంది. అయినా మీ భార్యగారికి రాత్రి డ్యూటీలు ఉంటే, ఆ ఎండ మీరే భరించి పియోరియా వైపే ఇల్లు చూడడం న్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. ఆమెకు నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. మోర్టన్‌లో ఇల్లు వెతుకుతున్నాము, చలువ కళ్లద్దాలు నేను కొనుక్కుంటాను.