చలికాలంలో కోళ్ల గూడు: పూర్తిగా మూసేయాలా, గాలి ఆడనివ్వాలా?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. మా పెరట్లో ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పగలు జాలీ కట్టిన ఆవరణలో తిరుగుతాయి, రాత్రి చెక్కలతో కట్టి పైన రేకు వేసిన గూటిలో పడుకుంటాయి. చలికాలం వచ్చేసరికి ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన పది డిగ్రీల వరకు పోతుంది కాబట్టి, చలిగాలి తగలకుండా గూటి కిటికీలకూ చూరు కింది సందులకూ ప్లాస్టిక్ పట్టా బిగించాము. ఇప్పుడు ఉదయం తలుపు తీయగానే ముక్కు మండేంత ఘాటు వస్తున్నది. రేకులోంచి కిందికి దిగిన మేకుల కొనలకు నీటి చుక్కలు వేలాడుతున్నాయి. పుంజు జుట్టు కొనలు నల్లబడ్డాయి. రోజుకు ఐదారు వచ్చే గుడ్లు ఒకటి రెండుకు పడిపోయాయి, నీళ్ల తొట్టి తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటున్నది. గూటిలో వేడినిచ్చే బల్బు పెట్టమని కొందరు, ఇంకా గట్టిగా మూయమని కొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

మొదటి జవాబు

మీరు రాసినదాన్ని బట్టి మీ కోళ్లను బాధిస్తున్నది చలికన్నా గూటిలోని చెమ్మ. కోడి శరీర ఉష్ణోగ్రత దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు నిండుగా ఉన్న పెద్ద కోడి వాటిని ఉబ్బించి, వాటి మధ్య పట్టి ఉంచిన గాలితోనే తన వేడిని కాపాడుకుంటుంది. ఒళ్లు పొడిగా ఉండి, నేరుగా ఈదురుగాలి తగలకుండా ఉంటే, గడ్డకట్టే చలిలో కూడా రాత్రి గడపగలదు. ఈకలు తడిస్తే మాత్రం ఆ పొర పనిచేయదు.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో చూడండి. తాజా రెట్టలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. దానికి తొమ్మిది కోళ్లు రాత్రంతా వదిలే ఊపిరి తోడవుతుంది. మూసిన గూటిలో ఆ ఆవిరికి బయటికి పోయే దారి లేక చల్లటి రేకుకు తగిలి నీరవుతుంది, మీ మేకుల కొనలకు వేలాడుతున్నది అదే. ఆ చుక్కలు కిందపడి లిట్టర్‌ను, అంటే గూటి నేల మీద పరిచిన పొట్టును, తడిపితే రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు మరింత వేగంగా విరగ్గొట్టి అమ్మోనియాను పుట్టిస్తాయి. ఆ ఘాటు కళ్లనూ గొంతు లోపలి పొరనూ దెబ్బతీసి, శ్వాస సంబంధమైన జబ్బులకు తలుపు తీస్తుంది. వాసన చూసేటప్పుడు నిలబడి కాక, కోడి తల ఎత్తుకు వంగి చూడాలి. నేల దగ్గర ఘాటు ఎక్కువగా తెలుస్తుంది.

కాబట్టి చూరు కింది సందులకు కొట్టిన పట్టాను ఈరోజే తీసేయండి. వెచ్చటి తేమ గాలి పైకి లేచి కోళ్ల తలల మీదుగా బయటికి పోవాలి, వాటి ఒంటికి మాత్రం గాలి కొట్టకూడదు. అందువల్ల అవి వాలే కర్ర ఎత్తులోనూ, అంతకు దిగువనా ఉన్న సందులను మూసి ఉంచండి; గాలి వీచే వైపు కిటికీ పట్టాను కూడా అలాగే ఉండనివ్వండి. సరిగ్గా అమరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఈకను సన్నని దారానికి కట్టి, రాత్రి కోళ్లు కూర్చునే చోట వేలాడదీయండి. ఈక కదలకుండా ఉండి, పొద్దున మేకులు పొడిగా ఉంటే గూడు బాగున్నట్లే.

వాలే కర్రను కూడా ఒకసారి చూడండి. సన్నని గుండ్రటి కర్ర మీద వేళ్లు చుట్టి కూర్చున్న కోడికి వేళ్ల చివరలు బయటే ఉండిపోతాయి. నాలుగంగుళాల వెడల్పున్న పలకను చదునుగా వేస్తే పాదాలు పరిచి కూర్చుంటుంది, పొట్ట ఈకలు వేళ్లను పూర్తిగా కప్పేస్తాయి. లిట్టర్ విషయానికి వస్తే, పొడి వరి పొట్టు గాని రంపపు పొట్టు గాని కనీసం 15 సెంటీమీటర్ల మందాన పరిచి, వారానికి ఒకటి రెండుసార్లు తిరగేసి, తడిసిన చోట తీసి కొత్త పొట్టు వేస్తే చలికాలమంతా గడిచిపోతుంది. గుప్పెడు తీసి పిండినప్పుడు ముద్ద కడితే తడి ఎక్కువైందని అర్థం. కాసిని గింజలు చల్లితే తిరగేసే పనిలో సగం కోళ్లే చేస్తాయి.

రెండవ జవాబు

గుడ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే గూడు ఎంత బాగుచేసినా అవి ఇప్పుడే మునుపటి లెక్కకు రాకపోవచ్చు. పెట్ట గుడ్లు పెట్టడం ప్రధానంగా పగటి నిడివి మీద ఆధారపడుతుంది. వెలుగు కళ్ల ద్వారానే కాక, పుర్రె ఎముక గుండా కూడా మెదడుకు చేరి గుడ్లకు కావలసిన హార్మోన్లను కదిలిస్తుంది. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు ఉన్నప్పుడు గుడ్లు నిలకడగా వస్తాయి, పగలు కుదించుకుపోయే కొద్దీ తగ్గుతాయి. పైగా ఏడాది దాటిన పెట్టలు చలికి ముందు ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి. ఈక దాదాపు అంతా ప్రోటీనే కనుక, ఆ కాలంలో తిన్నదంతా అటే పోతుంది.

కావాలంటే తక్కువ వెలుతురిచ్చే ఒక మామూలు బల్బును టైమర్‌తో తెల్లవారుజామున వెలిగించవచ్చు. సాయంత్రం పూట వద్దు. ఉన్నట్టుండి ఆరిపోతే కోళ్లు కర్ర ఎక్కకముందే చీకట్లో చిక్కుకుపోతాయి. వెలుగును వారానికి కొద్ది కొద్దిగా పెంచాలి. నా మట్టుకు నేను ఈ పద్ధతిని పాటించను. నాలుగు గుడ్ల కోసం ఈకలు మార్చుకుంటున్న పక్షిని తొందరపెట్టడం నాకు నచ్చదు. అయితే ఈకలు నిండిన, ఆరోగ్యంగా ఉన్న పెట్టలకు ఇది హాని చేస్తుందని కూడా అనను.

మేతలో పెద్ద మార్పులు అవసరం లేదు. మధ్యరకం పెట్ట మామూలు రోజుల్లో 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, చలిలో అంతకు మించి తింటుంది, కనుక తొట్టి ఖాళీ కానివ్వకండి. గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే లేయర్ దాణాలో 16 శాతం వరకు ప్రోటీన్ ఉంటుంది. ఈకలు రాల్చే కాలంలో 18 నుంచి 20 శాతం ఉన్నది మంచిది. చీకటి పడే ముందు కాసిని మొక్కజొన్న గింజలు వేస్తే రాత్రంతా అరుగుతూ ఒంటికి వేడినిస్తాయి, కానీ రోజు మేతలో పదో వంతు మించకూడదు. నేల గడ్డకట్టి గాని మంచు కప్పుకొని గాని ఉన్నప్పుడు కోళ్లకు రాళ్లు దొరకవు. కందనకాయలో గింజ నలగాలంటే అవి కావాలి కాబట్టి, సన్న రాతి రవ్వను ఒక గిన్నెలో విడిగా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చూరు కింది పట్టా తీసేశాము, మేకులు ఇప్పుడు పొడిగా ఉంటున్నాయి, ఘాటు కూడా చాలావరకు పోయింది. వేడినిచ్చే బల్బు గురించి మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తూనే ఉన్నది. పుంజు జుట్టుకు నూనె రాయమంటున్నారు, మంచిదేనా? ఒక పెట్ట మాత్రం ఈకలు ఉబ్బించుకొని ఒక మూల నిలబడుతున్నది, మిగిలినవాటితో కలవడం లేదు.

మూడవ జవాబు

పెద్ద కోళ్ల గూటిలో 250 వాట్ల ఎర్ర బల్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. పొడి పొట్టు, దుమ్ము, ఎగిరే ఈకలు ఉన్నచోట అది జారి పడినా, ఒక కోడి రెక్కతో కొట్టినా నిప్పంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. రెండో చిక్కు ఏమిటంటే, వేడికి అలవాటుపడిన కోళ్లు ఒకరాత్రి కరెంటు పోతే, చలికి క్రమంగా అలవాటుపడిన కోళ్లకన్నా ఎక్కువ ఇబ్బంది పడతాయి. పిల్లల సంగతి వేరు. వాటికి మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ ఈకలు పూర్తిగా వచ్చేదాకా ఇవ్వాలి. జబ్బుపడిన కోడికి, తడిని ఆపే ఈకలు లేని సిల్కీ వంటి జాతులకు వేడి తప్పనిసరైతే, బల్బుకు బదులు గోడకు బిగించే చదునైన హీటర్ పలక క్షేమం.

పుంజు జుట్టుకు పట్టినది మంచుకాటు. రుద్దకండి, వేడి వస్తువుతో కాపడం పెట్టకండి, నల్లబడిన భాగాన్ని కత్తిరించకండి. అది ఎండి తనంతట తానే రాలిపోతుంది, అంతవరకు కింది కండకు రక్షణగా కూడా ఉంటుంది. వాచినా, చీము పట్టినా పశువైద్యులకు చూపించాలి. నూనె గాని వాసలీన్ గాని రాయడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. గూటిలో చెమ్మ ఉన్నంతకాలం ఏది రాసినా పెద్దగా ప్రయోజనం ఉండదన్నది నా అభిప్రాయం. మునుముందు కొత్త కోళ్లను తెచ్చేటప్పుడు లెగ్‌హార్న్ వంటి పొడవైన జుట్టున్న జాతులకన్నా వయాండాట్, బ్రహ్మ వంటి పొట్టి జుట్టువాటిని ఎంచుకోండి. కెనడాలో చలికోసమే రూపొందించిన చాంటెక్లేర్ జాతికి జుట్టు దాదాపు కనిపించనంత చిన్నది.

మూలన నిలబడే పెట్టను చలి అనుకొని వదిలేయవద్దు. రాత్రి కర్ర మీద ఉన్నప్పుడు చేతిలోకి తీసుకొని రొమ్ము ఎముకను తడమండి. కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా సరిగా తినడం లేదని అర్థం. తరువాత తోక కింద, రెట్టవేసే చోటి చుట్టూ ఈకలు విప్పి దీపం వెలుగులో చూడండి. ఈకల మొదళ్లకు తెల్లటి గుడ్ల గుత్తులు అంటుకొని ఉంటే అవి కోడిపేలవి; చర్మం మీద నల్లటి మురికిలా కదిలితే రక్తం పీల్చే నల్లులు, వీటిలో ఒక రకం చలికాలంలోనే బాగా పెరుగుతుంది. తడవని చోట పొడి మట్టి పోసిన వెడల్పాటి తొట్టి ఉంచితే మట్టిస్నానంతో కొంత తామే వదిలించుకుంటాయి. ఊపిరికి నోరు తెరుస్తున్నా, ముక్కు కారుతున్నా ఆ పెట్టను వేరుచేసి వైద్యులకు చూపించండి. ఒకేసారి అనేక కోళ్లు చనిపోతే మాత్రం వాటిని చేతితో ముట్టుకోకుండా పశుసంవర్ధక అధికారులకు తెలియజేయాలి. వలస పక్షుల ద్వారా బర్డ్ ఫ్లూ వ్యాపించే కాలం ఇదే.

నాలుగవ జవాబు

నీళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఆ ఒక్కటీ చెబుతాను. కోడి తినే మేతకు దాదాపు రెట్టింపు నీరు తాగుతుంది, నీరు అందకపోతే మేత కూడా ముట్టదు. రాత్రి గూటిలో నీళ్లు ఉంచనక్కరలేదు. చీకట్లో అవి తాగవు, తొట్టి వల్ల చెమ్మ మాత్రం పెరుగుతుంది. నల్లటి రబ్బరు తొట్లు వాడితే గడ్డకట్టిన మంచును బోర్లించి తొక్కి వదిలించవచ్చు, తొట్టి పగలదు. తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గోరువెచ్చటి నీళ్లు పోయండి. అంత వీలు లేనివారు కోళ్ల కోసమే తయారైన, అడుగున హీటర్ ఉన్న తొట్టి వాడుకోవచ్చు గాని, దాని వైరు ముక్కుకు గాని పంటికి గాని అందకుండా గొట్టంలో నుంచి తీయాలి. ఎలుకలు చలికాలంలో గూటి చుట్టూనే తిరుగుతాయి. గడ్డకట్టకుండా నీళ్లలో ఉప్పు కలపడం వంటి చిట్కాలు ఎవరైనా చెబితే వినకండి, ఎక్కువ ఉప్పు కోళ్లకు విషం. గుడ్లను కూడా మధ్యాహ్నానికే ఒకసారి ఏరుకోండి, సాయంత్రం దాకా వదిలితే గడ్డకట్టి పెంకు చిట్లుతుంది. అలా చిట్లినవాటిని వంటకు వాడకపోవడమే మంచిది.