ఏప్రిల్ 6న పిల్లలకి ఏం చెప్పాలి?

వన్‌టౌన్ టీచరమ్మ:
మా బడి కురుపాం మార్కెట్ దగ్గర. ఒంటిపూట బడులు కాబట్టి ప్రార్థన అయ్యాక ‘చరిత్రలో ఈ రోజు’ చెప్పడానికి నాకు మూడు నిమిషాలే దొరుకుతాయి. ఏప్రిల్ 6కి నా దగ్గర నాలుగున్నాయి. 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ మొదలు. 1919లో రౌలట్ చట్టం మీద దేశమంతా హర్తాళ్. 1930లో దండిలో ఉప్పు. 1942లో మన విశాఖ మీద జపాన్ బాంబులు.

పోయినేడాది నాలుగూ గబగబా చదివేశాను. ఏడో తరగతి పాప ఒకతి వచ్చి, "మన ఊరి మీద ఎందుకేశారు టీచర్?" అని అడిగింది. ఇంతలో బెల్లయిపోయింది. ఆ పిల్లకి ఇంకా జవాబు బాకీ ఉన్నాను. ఈసారి ఏది ఉంచను, ఏది తీసేయను?

పాత హార్బరు:
అమ్మా, బాంబుల సంగతే చెప్పండి. 1933లో పోర్టు తెరిచారు, ఓడలు రావడం మొదలైంది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 5న వాళ్లు కొలంబో మీద పడ్డారు. మర్నాడు సోమవారం, బంగాళాఖాతంలో ఉన్న ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఇటు విశాఖ మీదికి, అటు కాకినాడ మీదికి వచ్చాయి. పోర్టు ఉంది కాబట్టే మన మీద పడ్డారని పాపకి చెప్పండి.

మా అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోందట. మా అమ్మమ్మ గంజి వార్చకుండానే తపేలాని గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని లాక్కుని సింహాచలం వైపు నడిచిందట. గంజి కారి మెడ కాలింది. ముసలితనంలో కూడా ఇక్కడి నేవీ విమానాల స్థావరం డేగా నుంచి విమానం లేచిందంటే, ముగ్గేస్తున్న మా అమ్మ చెయ్యి టక్కున ఆగిపోయేది.

ఏయూ హిస్టరీ:
మేడమ్, 1919, 1930 విడివిడిగా చదవకండి. గాంధీగారు 5వ తేదీకే దండి చేరారు. 1919 హర్తాళ్‌ని గుర్తుపెట్టుకునే జాతీయ వారం మొదలయ్యేది 6నే కాబట్టి, ఆ పొద్దుటి దాకా ఆగి ఉప్పు తీశారు. అంటే ఆ తేదీ కలిసి రాలేదు, కావాలనే కలిపారు. ఒలింపిక్స్ మాత్రం తీసేయొచ్చు. అప్పటికి గ్రీసులో పాత కేలండరే నడిచేది, ఏథెన్స్ వాళ్లకి ఆ రోజు మార్చి 25.

వన్‌టౌన్ టీచరమ్మ:
కేలండర్ సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ బాబూ. ఒలింపిక్స్ తీసేస్తున్నాను. ఉప్పుకి రెండు వాక్యాలు, మిగతా టైమంతా మన ఊరికే. ఆ పాపని ముందు వరసలో నిలబెడతాను. బాబాయ్ గారూ, అమ్మమ్మ గారి తపేలా సంగతి పిల్లలకి చెప్పొచ్చా?

పాత హార్బరు:
చెప్పండమ్మా. ఆ తపేలా మా ఇంట్లోనే ఉంది. ఇత్తడిది, అడుగు సొట్టపడింది. ముందురోజు సాయంత్రం తెచ్చిస్తాను, పిల్లల చేతికివ్వండి.