పెరిటోనియల్ డయాలసిస్‌లో అరుదైన బ్యాక్టీరియా: పిల్లి వల్ల సోకుతుందా?

ప్రశ్న: మా అమ్మగారు ఇంట్లోనే రాత్రిపూట యంత్రంతో పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి గొట్టం ద్వారా ద్రవం ఎక్కించి, తీసి రక్తాన్ని శుద్ధి చేసే పద్ధతి) చేసుకుంటారు. బయటికి వచ్చిన ద్రవం కలకబారి, కడుపునొప్పి కూడా రావడంతో కల్చర్ (నమూనాలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయించగా పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. ఇంట్లో పిల్లి ఉంది గానీ, అది ఆమెను ఎన్నడూ కరవలేదు. మరి ఎలా సోకింది? క్యాథెటర్ (పొట్టలో అమర్చిన గొట్టం) తీసేయవలసి వస్తుందా?

సమాధానం: పిల్లి మనిషిని కరవనక్కరలేదండి, గొట్టాన్ని కొరికినా చాలు. ఈ బ్యాక్టీరియా పిల్లుల నోటిలో మామూలుగానే ఉంటుంది. అందరూ నిద్రపోయిన వేళ నేలమీద వేలాడే గొట్టంతో ఆడుకుంటూ పిల్లి పంటిగాటు పెడితే, కంటికి ఆనని ఆ రంధ్రం గుండా బ్యాక్టీరియా ద్రవంలో కలిసి పొట్టలోకి చేరుతుంది. అమ్మగారి క్యాథెటర్ కొసను, దానికి బిగించిన ట్రాన్స్‌ఫర్ సెట్‌ను (క్యాథెటర్‌ను డయాలసిస్ గొట్టాలతో కలిపే చిన్న గొట్టాన్ని) డయాలసిస్ నర్సుగారికి తప్పక చూపించండి. గాటు కనిపిస్తే సెట్ మార్చాలి. పాశ్చురెల్లా పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ తరగతి మందులకు సాధారణంగా లొంగుతుంది కనుక క్యాథెటర్ నిలిచే అవకాశం బాగానే ఉంది. తగిన మందులు 5 రోజులు వాడినా ద్రవం తేటపడకపోతే, ద్రవంలో తెల్లకణాల సంఖ్య తగ్గుతోందో లేదో చూసి తీసివేతపై డాక్టరుగారు నిర్ణయిస్తారు. ఇకమీదట డయాలసిస్ జరిగే గదిలోకి పిల్లిని రానివ్వకండి.

మరొకరి ప్రశ్న: మా నాన్నగారి ద్రవంలో తెల్లకణాలు ఎక్కువగానే ఉన్నాయి, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదు. మందులు వాడుతున్నా ద్రవం తేటపడటం లేదు. ఇప్పుడేం చేయాలి?

సమాధానం: ఏమీ పెరగలేదంటే ఇన్‌ఫెక్షన్ లేదని కాదండి. మైక్రోలీటరుకు 100కు మించి తెల్లకణాలుండి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) అయితే పెరిటోనైటిస్‌గానే (పొట్ట లోపలి పొర ఇన్‌ఫెక్షన్‌గానే) అనుమానించాలి. నమూనా ఇవ్వకముందే యాంటీబయాటిక్ వేసుకున్నారా, ద్రవాన్ని బ్లడ్ కల్చర్ సీసాలలో వేయకుండా పంపారా అన్నవి ముందుగా కనుక్కోండి, ఎందుకంటే కల్చర్ విఫలమవడానికి తరచు ఇవే కారణాలు. ఆ రెండూ సక్రమంగానే జరిగి ఉంటే, ఫంగస్‌తో పాటు క్షయ, క్షయేతర మైకోబ్యాక్టీరియాలకు (క్షయ క్రిమి జాతికి చెందిన బ్యాక్టీరియాలకు) కూడా పరీక్షించమని అడగండి. వీటికి యాసిడ్ ఫాస్ట్ రంగు పరీక్ష, ప్రత్యేక కల్చర్ అవసరం. క్షయ క్రిమి పెరగడానికి వారాలు పడుతుంది. ఫార్చూయిటమ్, అబ్‌సెసస్ వంటి క్షయేతర రకాలు మామూలు మందులకు లొంగవు, చాలాసార్లు క్యాథెటర్ తీయక తప్పదు. అందుకే ఈ విషయం వెంటనే కిడ్నీ డాక్టరుగారికి చెప్పండి. కలకబారిన బ్యాగును పారేయకుండా వెంట తీసుకెళ్లండి.